బేరియం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: తాగించే పరీక్ష మొదలు ముగ్గురాయి దాకా

నెల్లూరులో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పడం నా పని. బేరియం గురించి క్లాసులో అడిగినవాళ్ళకంటే క్లాసు బయట అడిగినవాళ్ళే ఎక్కువ. అదీ ఎక్కువగా ఫోన్‌లో, కంగారుగా.

ఈ పేజీ రాయడానికి కారణం మా పెద్దమ్మ. రాపూరు దగ్గర పల్లెలో ఉంటుంది. ముద్ద గొంతు దిగడం లేదని నెల్లూరు పొగతోటలో డాక్టరుకు చూపిస్తే ‘బేరియం స్వాలో’ తీయించుకు రమ్మని చీటీ రాశారు. అదేమిటో, ఎందుకో విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. ఆమె కొడుకు ఫోన్‌లో వెతికి, హడలిపోయి నాకు ఫోన్ చేశాడు. “ఒరేయ్ తమ్ముడూ, బేరియం అంటే ఎలుకల మందంట గదరా, అమ్మకు గ్లాసుడు తాగిస్తామంటున్నారు!” అన్నాడు.

అన్న చదివింది నిజమే. ఆస్పత్రివాళ్ళు చేసేదీ సరైనదే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే బేరియం సగం అర్థమైనట్టే. అందుకే మామూలుగా మొదట వచ్చే ‘బేరియం అంటే ఏమిటి’ అన్న ప్రశ్నను కాస్త వెనక్కి జరిపి, ఈ భయంతోనే మొదలుపెడుతున్నాను.

బేరియం విషం అంటారు కదా, మరి పరీక్ష కోసం ఎలా తాగిస్తారు?

ఆస్పత్రిలో తాగించేది ఉత్త బేరియం కాదు, బేరియం సల్ఫేట్. బేరియం అనే లోహం గంధకంతోనూ ఆక్సిజన్‌తోనూ కలిసి ఏర్పడ్డ తెల్లటి పొడి అది. ఆ పొడి నీళ్ళలో కరగదు. ఒక లీటరు నీళ్ళలో ఎంత కలిపినా కరిగేది రెండు మూడు మిల్లీగ్రాములే, మిగతాదంతా అడుగున పేరుకుంటుంది. కడుపులో ఉండే ఆమ్లంలోనూ కరగదు. కరగని వస్తువు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్ళలేదు. నోట్లో నుంచి లోపలికి వెళ్ళి, పేగుల వెంట నడిచి, వెళ్ళినదంతా వెళ్ళినట్టే మలంతో బయటికి వచ్చేస్తుంది.

విషమయ్యేవి కరిగే బేరియం లవణాలు: బేరియం క్లోరైడ్, బేరియం నైట్రేట్, బేరియం హైడ్రాక్సైడ్ లాంటివి. కరిగిన బేరియం రక్తంలో చేరితే, కణాల్లోంచి పొటాషియం బయటికి వచ్చే దారులను మూసేస్తుంది. పొటాషియం కణాల్లోనే చిక్కుకుపోయి, రక్తంలో దాని మోతాదు తగ్గిపోతుంది. కండరాలు చచ్చుబడతాయి, గుండె లయ తప్పుతుంది.

కాబట్టి ‘బేరియం మంచిదా చెడ్డదా’ అన్న ప్రశ్నకు జవాబు లేదు. ‘ఏ బేరియం, కడుపులో కరుగుతుందా లేదా’ అని అడగాలి. ఈ పేజీలో ఇకపై వచ్చే జవాబులన్నిటికీ మూలం ఇదే.

బేరియం కార్బొనేట్ కూడా నీళ్ళలో కరగదు. మరి అది ఎలుకల మందు ఎలా అయింది?

మంచి ప్రశ్న. ఇది అడిగిన పిల్లవాడిని నేను ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాను. కార్బొనేట్ నీళ్ళలో కరగదన్నది నిజం. కానీ కడుపులో ఉన్నది ఉత్త నీళ్ళు కావు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నపురాయి మీద ఆమ్లం పోస్తే బుసబుస పొంగి కరిగిపోవడం చూశారు కదా, బేరియం కార్బొనేట్ కూడా అలాగే కరిగి బేరియం క్లోరైడ్‌గా మారుతుంది. అది నేరుగా రక్తంలోకి పోతుంది. ఒకప్పుడు దీన్ని పిండిలో కలిపి ఎలుకలకు పెట్టేవాళ్ళు. రంగూ రుచీ పెద్దగా లేని తెల్ల పొడి కాబట్టి మనుషులూ పొరపాటున తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నారు.

సల్ఫేట్, కార్బొనేట్ రెండూ చూడ్డానికి ఒకేలా ఉండే తెల్ల పొడులు. 2003లో బ్రెజిల్‌లో ఎక్స్‌రే పరీక్షకు వాడే బేరియం సల్ఫేట్ మందులో కార్బొనేట్ కలిసిపోయి, అది తాగినవాళ్ళలో పలువురు చనిపోయారు. అందుకే మందుగా వాడే బేరియం సల్ఫేట్‌కు శుద్ధి పరీక్షలు అంత కచ్చితంగా ఉంటాయి. ఫ్యాక్టరీలో రంగుల కోసం తయారైన పొడిని మందుగా వాడకూడదు. ఆస్పత్రిలో సీలు వేసిన డబ్బా లేదా ప్యాకెట్ మీ ముందే తెరిచి కలపమని అడగడంలో తప్పేమీ లేదు.

ఆ తెల్లటి ద్రవం తాగితే ఎక్స్‌రేలో ఏం కనిపిస్తుంది?

అన్నవాహిక, జీర్ణకోశం, పేగులు మెత్తటి కండరంతో చేసినవి. ఎక్స్‌రే కిరణాలు వాటిలోంచి దూసుకుపోతాయి, ఫిల్ములో వాటి జాడ సరిగా పడదు. బేరియం పరమాణువు పెద్దది, అందులో 56 ఎలక్ట్రాన్లు ఉంటాయి. కిరణాలను బాగా ఆపేస్తుంది. ద్రవం గొంతు దిగుతుంటే అది పోయే దారి అంతా తెల్లగా గీత గీసినట్టు తెర మీద కనిపిస్తుంది. ఎక్కడైనా దారి ఇరుకైతే తెల్ల గీత అక్కడ సన్నబడుతుంది. సంచిలా ఉబ్బితే ఆ ఉబ్బు తెలుస్తుంది. పుండు గుంటలో ద్రవం నిలిస్తే మచ్చలా కనిపిస్తుంది.

గొంతు, అన్నవాహిక చూసే పరీక్షను బేరియం స్వాలో అంటారు. కడుపు వరకు చూస్తే బేరియం మీల్. అక్కడి నుంచి చిన్న పేగుల్లో నడక చూడాలంటే గంటకోసారి ఫిల్ములు తీస్తారు, దాన్ని ఫాలో త్రూ అంటారు. దీనికి సగం రోజు పట్టొచ్చు, చేతిలో పుస్తకమో తోడు మనిషో ఉంటే నయం. పెద్ద పేగు చూడాలంటే కింది నుంచి ఎనిమాలా ఎక్కిస్తారు.

1890ల చివర్లో అమెరికాలో వాల్టర్ కానన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు జంతువులకు బిస్మత్ కలిపిన మేత పెట్టి, అది దిగడాన్ని ఎక్స్‌రేలో చూశాడు. తర్వాత 1910 ప్రాంతంలో బేరియం సల్ఫేట్ ఆ స్థానం తీసుకుంది. చవక, భద్రం కూడా.

పరీక్షకు ముందు, తర్వాత ఏం జాగ్రత్త తీసుకోవాలి?

సాధారణంగా ముందు రాత్రి తిన్న తర్వాత ఇక ఏమీ తినకుండా, తాగకుండా రమ్మంటారు. కడుపులో ఇడ్లీ ముక్క ఉన్నా అది గడ్డలాగా కనిపించి డాక్టరును తప్పుదారి పట్టిస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం ఉదయం మాత్రగానీ ఇన్సులిన్‌గానీ ఏం చేయాలో ముందే అడిగి తెలుసుకోవాలి, సొంతంగా నిర్ణయం తీసుకోవద్దు. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానం ఉన్నా తప్పకుండా చెప్పాలి. ఇక్కడ సమస్య బేరియంతో కాదు, ఎక్స్‌రేతో.

రుచి సుద్దముక్క నీళ్ళలో కలిపినట్టుంటుంది. కొన్నిచోట్ల ఏదో ఒక ఫ్లేవర్ కలుపుతారు. మా పెద్దమ్మ “సున్నం నీళ్ళలాగుంది నాయనా, కాని కారంగా లేదు” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

తర్వాత చేయాల్సింది ఒక్కటే, నీళ్ళు బాగా తాగడం. బేరియం సల్ఫేట్ పేగుల్లో తేమ పోగొట్టుకుంటే గట్టిపడి మలబద్ధకం చేస్తుంది. మజ్జిగ, కొబ్బరినీళ్ళు, పండ్లు అన్నీ మంచివే. కిడ్నీ జబ్బో గుండె జబ్బో ఉండి నీళ్ళు, ద్రవాలు కొలత ప్రకారం తాగమన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడిగి తాగాలి.

విరేచనం తెల్లగా అవుతోంది. భయపడాలా?

అక్కర్లేదు. ఒకటి రెండు రోజులు, కొందరికి మూడు రోజులు అలాగే ఉంటుంది. తాగిన పొడే బయటికి వస్తోంది. రెండు మూడు రోజులైనా విరేచనం కాకపోయినా, కడుపు ఉబ్బి నొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఈ పరీక్ష ఎవరికి చేయకూడదు?

కడుపులో గానీ పేగులో గానీ రంధ్రం పడిందన్న అనుమానం ఉన్నవాళ్ళకు. ఇందాక చెప్పిన ‘బయటికి వచ్చేస్తుంది’ అన్న మాట పేగుల దారి లోపల ఉన్నంతవరకే. రంధ్రంలోంచి పొట్ట ఖాళీలోకి కారితే ఆ పొడి ఎక్కడికీ పోలేదు, తీవ్రమైన వాపు తెస్తుంది. అలాంటివారికి నీళ్ళలో కరిగే అయొడిన్ మందు వాడతారు. పేగు అడ్డుపడ్డవాళ్ళ విషయంలోనూ డాక్టర్లు ఆచితూచి వెళ్తారు. ఇటీవల కడుపుకు ఆపరేషన్ అయినా, మింగేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయే ఇబ్బంది ఉన్నా ముందే చెప్పండి. త్వరలో పొట్టకు సీటీ స్కాన్ తీయాల్సి ఉంటే అదీ చెప్పాలి. లోపల మిగిలిన బేరియం స్కాన్‌ను చెడగొడుతుంది.

ఎండోస్కోపీ వచ్చాక ఇంకా ఇది ఎందుకు?

ఎండోస్కోపీ చాలావరకు దీని స్థానం తీసుకుంది. పుండు కంటితో చూడాలన్నా, ముక్క తీసి పరీక్షకు పంపాలన్నా అదే కావాలి. కానీ మింగడం అనే పని ఎలా జరుగుతోందో, ద్రవం ఎక్కడ ఆగి ఎంతసేపటికి దిగుతోందో చూపించేది బేరియం స్వాలోనే. దారి ఎంత పొడవున ఇరుకైందో కూడా ఇందులో బాగా తెలుస్తుంది. గొట్టం దిగనంత ఇరుకు ఉన్నచోట దీని విలువ ఇంకా ఎక్కువ. చీటీలో ఏది రాశారో, ఎందుకు రాశారో డాక్టరును తెలుగులో అడగండి. అది మీ హక్కు.

సరే, అసలు బేరియం అంటే ఏమిటి?

ఒక లోహం. పరమాణు సంఖ్య 56. ఆవర్తన పట్టికలో రెండో గ్రూపు, ఆరో పీరియడ్. రొయ్యల చెరువులు చేసేవాళ్ళకు కాల్షియం, మెగ్నీషియం పేర్లు బాగా పరిచయం. బేరియం వాటి ఇంటిదే, వాటికంటే పెద్దది, ఇంకా చురుకైనది.

అప్పుడే కోసిన బేరియం ముక్క వెండిలా మెరుస్తుంది, సీసంలా మెత్తగా ఉంటుంది. కానీ ఆ మెరుపు ఎక్కువసేపు ఉండదు, గాలి తగిలితే మసకబారిపోతుంది. నీళ్ళలో వేస్తే హైడ్రోజన్ బుడగలు కక్కుతూ హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. అందుకే దాన్ని నూనెలో ముంచో, గాలి చొరబడని గొట్టంలోనో దాస్తారు. 727 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. భూమి మీద ఇది లోహంగా ఎక్కడా దొరకదు, రాళ్ళలో సల్ఫేట్‌గానో కార్బొనేట్‌గానో దొరుకుతుంది. నిత్యజీవితంలో మనం చూసేది దాదాపు అంతా బేరియం సమ్మేళనాలే. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినా బేరియం లోహాన్ని చేత్తో పట్టుకునే అవసరం ఎవరికీ రాదు.

ఆ పేరుకు అర్థం ఏమిటి?

గ్రీకులో ‘బేరిస్’ అంటే బరువైనది. పేరు లోహాన్ని చూసి పెట్టలేదు, రాయిని చూసి పెట్టారు. బేరియం లోహం సాంద్రత మూడున్నర మాత్రమే, ఇనుములో సగం కూడా లేదు. దాని ఖనిజం బెరైటీస్ సాంద్రత మాత్రం నాలుగున్నర. మామూలు రాయి రెండున్నర, మూడు మధ్య ఉంటుంది. పిడికెడు బెరైటీస్ రాయి చేతిలో పెడితే ‘ఇదేందిరా ఇంత బరువు!’ అనకుండా ఉండలేరు.

దీని చరిత్రలో నాకు ఇష్టమైన మనిషి శాస్త్రవేత్త కాదు, చెప్పులు కుట్టేవాడు. ఇటలీలోని బొలోనా ఊళ్ళో 1600ల మొదట్లో వించెంజో కష్యరోలో అనే అతను కొండ దగ్గర దొరికిన బరువైన రాయిని బంగారమవుతుందేమోనని బొగ్గుతో కాల్చాడు. బంగారం రాలేదు. కానీ ఎండలో పెట్టి తెచ్చిన ఆ రాయి చీకట్లో దానంతటదే వెలిగింది. బొగ్గుతో కాలి బెరైటీస్ కాస్తా బేరియం సల్ఫైడ్‌గా మారడం వల్ల వచ్చిన వెలుగు అది. 1774లో స్వీడన్‌లో కార్ల్ షీలే ఇందులో కొత్త మూలకం ఉందని గుర్తించాడు. 1808లో లండన్‌లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతో లోహాన్ని వేరు చేశాడు.

ముగ్గురాయి అంటే బెరైటీసేనా? ముగ్గుపిండితో ప్రమాదం ఉందా?

మన పేపర్లలో ‘మంగంపేట ముగ్గురాయి గనులు’ అని రాసేది బెరైటీస్ గనుల గురించే. కాబట్టి ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్ ఉన్న రాయి. అయితే బజారులో ముగ్గుపిండి పేరుతో దొరికేదంతా ఒకే రాయి కాదు. సున్నపురాయి, డోలమైట్ లాంటి తెల్లరాళ్ళనూ నూరి అమ్ముతారు. వీటిలో ఏదీ చేతికి అంటుకున్నందుకు విషం కాదు. బేరియం సల్ఫేట్ కరగదని ముందే చెప్పుకున్నాం. చంటిపిల్లవాడు చిటికెడు నాకినా బేరియం వల్ల హాని ఉండదు.

జాగ్రత్త పడాల్సింది దుమ్ముతో. ఏ రాతిపొడి అయినా రోజూ ముక్కులోకి పోవడం మంచిది కాదు. సంక్రాంతి నెల పట్టాక తెల్లవారుజామున రోజూ ముగ్గులేసే అమ్మలు, ఆయాసం ఉన్నవాళ్ళు, పిండిని పైనుంచి ఎగజల్లకుండా వంగి కింద నుంచి వదలడం మేలు. రంగుల ముగ్గులకు కొనే పొడి సంగతి వేరు. అందులో ఏ రంగు కలిపారన్నది చూసుకోవాలి, పిల్లల నోటికి అందనివ్వొద్దు. బియ్యప్పిండి ముగ్గులో ఈ ఆలోచనే అక్కర్లేదు, చీమలకు కూడా తిండి.

మంగంపేట రాయి మన జిల్లా మీదుగా ఎందుకు పోతుంది?

రైల్వే కోడూరు దగ్గర ఓబులవారిపల్లె మండలంలో మంగంపేట ఉంది. ఒకేచోట పొరగా పరుచుకున్న బెరైటీస్ నిక్షేపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. గనిని రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన ఖనిజాభివృద్ధి సంస్థ నడుపుతుంది. అక్కడి రాయి మన వెలిగొండలకు అవతల, సముద్రం మనకు ఇవతల. మధ్యలో కొండ అడ్డం.

ఒకప్పుడు ఆ రాయి మోసే రైళ్ళు రేణిగుంట, గూడూరు చుట్టూ తిరిగి కృష్ణపట్నం రేవుకు రావాల్సి వచ్చేది. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా కొత్త లైను వేసి, చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య కొండను తొలిచి దాదాపు 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి, మన జిల్లావారే అయిన వెంకయ్యనాయుడు దాన్ని జాతికి అంకితం చేశారు. మా పెద్దమ్మ ఊరి మనుషులు ఆ లైను పనులు జరగడం కళ్ళారా చూశారు. కొండకు అటు తవ్విన రాయికీ, పొగతోటలో ఆమె తాగిన గ్లాసుకూ ఉన్న చుట్టరికం మాత్రం నేను చెప్పేదాకా ఎవరికీ తెలియదు.

రేవు నుంచి ఈ పొడి ఎక్కువగా పోయేది చమురు బావులు తవ్వే దేశాలకు. చమురు కోసం వేల అడుగుల లోతున తవ్వేటప్పుడు లోపలి గ్యాస్, నూనె తీవ్రమైన ఒత్తిడితో పైకి తన్నుకొస్తాయి. వాటిని అణచిపెట్టడానికి బావి గొట్టం నిండా బురద నింపి ఉంచుతారు, దాన్ని డ్రిల్లింగ్ మడ్ అంటారు. ఉత్త మట్టి బురదకు ఆ బరువు చాలదు. బెరైటీస్ పొడి కలిపితే బురద బరువెక్కి, మూతలాగా కిందికి నొక్కిపెడుతుంది. ఈ రాయి బరువైనదే కాదు, మెత్తనిది కూడా. అందువల్ల తవ్వే పనిముట్టును అరగదీయదు, దేనితోనూ చర్య జరపదు, నీళ్ళలో కరగదు, అయస్కాంతానికి అంటదు. ఇన్ని గుణాలు ఒకే రాయిలో, ఇంత చవకగా దొరకడం అరుదు. లోపలి ఒత్తిడి అదుపు తప్పితే ఏమవుతుందో 1995 జనవరిలో కోనసీమ పాశర్లపూడిలో చూశాం. ఆ బావి రెండు నెలలకు పైగా మండింది.

ప్రపంచంలో తవ్వే బెరైటీస్‌లో పెద్ద వాటా ఈ ఒక్క పనికే పోతుంది. చైనా, ఇండియా, మొరాకో దీన్ని ఎక్కువగా తవ్వే దేశాలు.

గనిలో, పొడి మిల్లులో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం మాటేమిటి?

ఏళ్ళ తరబడి బెరైటీస్ దుమ్ము పీల్చినవాళ్ళ ఛాతీ ఎక్స్‌రేలో చుక్కలు చుక్కలుగా మచ్చలు కనిపిస్తాయి. దీన్ని బెరైటోసిస్ అంటారు. చూడ్డానికి భయంగా ఉన్నా, అది చాలావరకు ఊపిరితిత్తుల పనిని దెబ్బతీయదు. దుమ్ముకు దూరమైతే కొన్నేళ్ళలో మచ్చలు తగ్గుతాయి కూడా. అసలు ప్రమాదం ఆ రాయితో పాటు ఉండే పలుగురాయి దుమ్ముతో. అది సిలికోసిస్ తెస్తుంది, ఆ జబ్బు తగ్గదు. మాస్క్ పెట్టుకోవడం, నీళ్ళు చల్లి పని చేయించడం యజమాని ఇష్టానికి వదిలే విషయాలు కావు. మా దగ్గర చదివే పిల్లల్లో మిల్లు కూలీల పిల్లలు కూడా ఉంటారు, వాళ్ళకు నేను ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతాను.

దీపావళి టపాసుల్లో బేరియం ఉంటుందా?

ఆకుపచ్చ వెలుగు ఎక్కడ కనిపించినా బేరియమే అనుకోవచ్చు. మతాబుల్లో, ఆకాశంలో విచ్చుకునే వాటిలో పచ్చరంగు దాని వల్ల వచ్చేదే. రంగు లేని కాకరపువ్వొత్తుల్లోనూ బేరియం నైట్రేట్ వాడుతూ వచ్చారు, అక్కడ అది రంగు కోసం కాదు, మండడానికి ఆక్సిజన్ అందించడానికి.

ఈ నైట్రేట్ నీళ్ళలో కరుగుతుంది. అంటే ఇది ఆస్పత్రి బేరియం కాదు, విషం జాతి బేరియం. కాలాక పొగలో సన్నటి రేణువులుగా గాలిలో కలుస్తుంది. ఈ కారణంతో సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో టపాసుల్లో బేరియం లవణాలు వాడకూడదని చెప్పింది, 2021లో ఆ మాటే గట్టిగా మళ్ళీ చెప్పింది. 2023 సెప్టెంబరులో, గ్రీన్ క్రాకర్స్‌లోనైనా బేరియం అనుమతించమని తయారీదారులు కోరితే ఒప్పుకోలేదు. గ్రీన్ క్రాకర్స్ అంటే పచ్చగా వెలిగేవని చాలామంది అనుకుంటారు. అది తప్పు. కాలుష్యం తగ్గించి తయారుచేసేవని అర్థం.

ఇంట్లో చేయగలిగింది చెబుతాను. పేలని మందును కాగితంలో పోగుచేసి పిల్లలు ఆడనివ్వకండి. కాకరపువ్వొత్తి పట్టుకున్న చేత్తోనే అరిసె తీసుకోనివ్వకండి, ముందు సబ్బుతో కడిగించండి.

మా ఇంట్లో బేరియం ఎక్కడెక్కడ ఉంది?

చేతిలో ఉన్న సెల్‌ఫోన్‌తో మొదలుపెట్టండి. దాని బోర్డు మీద ఆవగింజకంటే చిన్నవైన సెరామిక్ కెపాసిటర్లు వందల కొద్దీ ఉంటాయి. వాటిలో ఉండేది బేరియం టైటనేట్. విద్యుత్ ఆవేశాన్ని దాచిపెట్టే శక్తి ఆ పదార్థానికి అసాధారణంగా ఉంటుంది, అందుకే కెపాసిటర్ అంత చిన్నదిగా చేయగలిగారు. సీలింగ్ ఫ్యానులో మనం తరచూ మార్చే కెపాసిటర్ వేరు, అది ప్లాస్టిక్ పొరతో చేసింది.

పాత ట్యూబ్‌లైటు ఉంటే దాని రెండు కొసల్లో తీగచుట్టకు బేరియం ఆక్సైడ్ కలిసిన పూత ఉంటుంది. వేడెక్కితే ఆ పూత ఎలక్ట్రాన్లను వదులుతుంది, లైటు వెలగడం దాంతోనే మొదలు. పూత అరిగిపోయే కొద్దీ కొసలు నల్లబడతాయి. అటక మీద వాల్వు రేడియో ఉంటే, గాజు వాల్వు లోపల అద్దంలా మెరిసే మచ్చ ఒకటి చూడండి. లోపల మిగిలిన గాలిని పీల్చేయడానికి బేరియం లోహాన్ని ఆవిరి చేసి అంటించిన పూత అది. బేరియం లోహరూపంలో మన ఇళ్ళకు వచ్చింది దాదాపు ఆ రూపంలోనే.

స్పీకరు వెనక నల్లటి రింగు అయస్కాంతాల్లో బేరియం ఫెర్రైట్ ఉండొచ్చు, ఇప్పుడు ఆ చోటు చాలావరకు స్ట్రాన్షియం తీసుకుంది. గోడ రంగుల్లో, ప్రైమర్లలో, ప్లాస్టిక్, రబ్బరు వస్తువుల్లో బేరియం సల్ఫేట్ పూరకంగా కలుపుతారు. పెట్టెలో అమ్మానాన్నల బ్లాక్ అండ్ వైట్ పెళ్ళి ఫోటో ఉందా? పాత ఫోటో కాగితాల మీద మందు పూతకు కింద బెరైటా అనే బేరియం సల్ఫేట్ పొర ఉండేది, ఆ తెలుపు దానిదే. ఎక్స్‌రే గదుల గోడలకు బెరైటీస్ కలిపిన ప్లాస్టరు వేయడం కూడా ఉంది. రోగి కడుపులో కిరణాలను ఆపే గుణమే గోడలోనూ పని చేస్తుంది.

మా బోరు నీళ్ళలో బేరియం ఉంటుందా? కనిగిరి వైపు సమస్య ఇదేనా?

కాదు. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు పళ్ళు గారపట్టించి ఎముకలు వంచేది ఫ్లోరైడ్. రెండింటినీ కలపకండి, పరీక్షలు వేరు, పరిష్కారాలు వేరు.

బేరియం ఏ భూగర్భ జలంలోనైనా కాస్తో కూస్తో ఉంటుంది. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 0.7 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి 1.3. నీళ్ళలో సల్ఫేట్ ఉంటే బేరియం దానంతటదే కరగని పొడిగా మారి కిందికి దిగిపోతుంది, కాబట్టి రెండూ కలిసి ఎక్కువగా ఉండలేవు. సముద్రంలోనూ జరిగేది ఇదే, అందుకే ఇసకపల్లి, చినగంజాం ఉప్పు మడుల ఉప్పుతో ఈ భయం లేదు. చైనాలో సిచువాన్ ప్రాంతంలో ఒకప్పుడు భూగర్భ ఉప్పునీటి నుంచి తీసిన ఉప్పులో బేరియం క్లోరైడ్ ఉండి జనానికి కాళ్ళూచేతులూ చచ్చుబడ్డాయి. మీ బోరు మీద అనుమానం ఉంటే నీళ్ళ ల్యాబుకు ఇచ్చేటప్పుడు బేరియం పేరు ప్రత్యేకంగా రాయించండి, మామూలు పరీక్షలో అది ఉండదు.

ఎవరైనా పొరపాటున బేరియం లవణం మింగితే?

ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మింగిన పొడి డబ్బా గానీ ప్యాకెట్ గానీ వెంట తీసుకెళ్ళండి, పేరు తెలిస్తే వైద్యం వేగంగా మొదలవుతుంది. బలవంతంగా వాంతి చేయించకండి. మొదట వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు, నోటి చుట్టూ తిమ్మిరి వస్తాయి. తర్వాత కాళ్ళూచేతులూ బలహీనపడతాయి. ఆస్పత్రిలో గుండెను గమనిస్తూ పొటాషియం ఎక్కిస్తారు. కడుపులో ఇంకా ఉన్నదాన్ని కట్టడి చేయడానికి సల్ఫేట్ లవణం ఇస్తారు. అది బేరియాన్ని పట్టి కరగని సల్ఫేట్‌గా మార్చేస్తుంది, అంటే విషాన్ని అక్కడికక్కడే ఎక్స్‌రే మందుగా మార్చడమన్నమాట. కెమిస్ట్రీ మనిషి ప్రాణం కాపాడే తీరుకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

బేరియం రేడియోధార్మిక పదార్థమా?

మామూలు బేరియం కాదు. పరీక్షలో తాగించేదాంట్లో రేడియోధార్మికత అసలు లేదు, కిరణాలు వచ్చేది యంత్రం నుంచి. అయితే అణుశక్తి కథలో బేరియం పేరు లేకుండా కుదరదు. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియం మీద న్యూట్రాన్లు వదిలి చూస్తే, ఉండకూడని బేరియం కనిపించింది. యురేనియం రెండుగా చీలితే తప్ప అది రాదు. ఆ సంగతిని లీజె మైట్నర్, ఒట్టో ఫ్రిష్ వివరించారు.

పదో తరగతి, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఏం గుర్తుపెట్టుకోవాలి?

పదో తరగతిలో సోడియం సల్ఫేట్ ద్రావణానికి బేరియం క్లోరైడ్ కలిపితే తెల్లటి అవక్షేపం వస్తుంది. దాన్ని ద్వంద్వ వియోగం అని రాసి ఊరుకోవద్దు. పాలలా తెల్లబడ్డ ఆ పరీక్షనాళికలో ఉన్నదే ఆస్పత్రి బేరియం అని గుర్తుంచుకుంటే ఇక మరిచిపోరు. అది సల్ఫేటేనని రూఢి చేసుకోవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేయండి. కరిగి బుడగలు వస్తే కార్బొనేట్, కదలకుండా ఉంటే సల్ఫేట్.

ఇంటర్ సాల్ట్ అనాలిసిస్‌లో బేరియం అయిదో గ్రూపు. పొటాషియం క్రోమేట్‌తో పసుపు అవక్షేపం ఇస్తుంది. జ్వాలా పరీక్షలో లేత ఆకుపచ్చ, కొత్తగా మొలిచిన వరి నారు రంగు. రాగి కూడా పచ్చగానే మండుతుంది కానీ అందులో నీలి జీర ఉంటుంది. ఏటా నలుగురైదుగురు ఇక్కడే తడబడతారు. తీగను ఆమ్లంలో ముంచి శుభ్రం చేయకుండా పెడితే సోడియం పసుపు అన్నిటినీ కప్పేస్తుంది.

పిపెట్‌ను నోటితో పీల్చకండి. మిగిలిన బేరియం క్లోరైడ్‌ను సింకులో పారబోయకండి. ఒక బీకరులో పోగుచేసి సోడియం సల్ఫేట్ ద్రావణం కలపండి. తెల్లటి పొడి అడుగుకు దిగాక, పైన తేరిన నీళ్ళలో ఇంకొక చుక్క సల్ఫేట్ వేసి చూడండి. మళ్ళీ తెల్లబడకపోతే బేరియం అంతా కిందికి దిగినట్టే.